వేలి మీద తొంభై నాలుగు, రక్తంలో ఎనభై రెండు

రెండు వేల ఇరవై మూడు, జూన్ నెల. సోహార్‌లో పోర్టుకు పోయే దారిలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను ట్రయాజ్ నర్సుని. ట్రయాజ్ అంటే వచ్చిన ప్రతి మనిషినీ ముందుగా చూసి, ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు అని తేల్చడం. ఎర్ర చీటీ ఇస్తే వెంటనే డాక్టరు, పసుపు అయితే కాసేపట్లో, ఆకుపచ్చ అయితే వంతు వచ్చేదాకా కుర్చీలో. డాక్టరు కంటే ముందు తీర్పు చెప్పేది మేమే. అప్పటికి నాది ఇరవై రెండేళ్ల సర్వీసు, అందులో పద్నాలుగేళ్లు ఒమాన్‌లోనే. నరసాపురం దగ్గర మా ఊళ్లో ఇంటికో నర్సు ఉంటుంది. నాకు నర్సింగ్ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదని నాకు మహా పొగరు. ఆ పొగరు ఎలా దిగిందో రాయమని ఈమధ్య కొందరు కుర్ర నర్సులు అడిగారు. సిగ్గుగానే ఉంది గానీ, రాస్తున్నాను.

ఆ రోజుల్లో కొన్ని కాంట్రాక్టు కంపెనీలు కలిసి కార్మికుల ఇన్సూరెన్స్ పద్ధతి మార్చబోతున్నాయని తెలిసింది. సూచనలు ఏమైనా ఉంటే ఒక్క పేజీలో రాసి పంపమన్నారు. ఆ పేజీ రాయడానికి మేం నలుగురం కలిశాం. మాధవి గారు మస్కట్ ఘుబ్రాలో ఉంటారు, ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. మస్కట్‌లో ఏ కూలివాడికి కష్టమొచ్చినా ముందు ఆవిడ ఫోనే మోగుతుంది. రాజన్నది జగిత్యాల వైపు, సైట్ల మీద స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే మేస్త్రీ. క్యాంపులో మూడొందల మంది మాట ఆయన నోట వస్తుంది. మూడో మనిషి గ్రేస్. ఉగాండా పిల్ల, మా ఆసుపత్రిలోనే నర్సింగ్ ఎయిడ్. అంటే పేషెంట్లను పట్టుకెళ్లడం, పక్కలు మార్చడం, మాకు చేదోడుగా ఉండడం ఆమె పని. నాలుగోదాన్ని నేను. చేతిరాత బాగుంటుందని పెన్ను నాకిచ్చారు.

మొదటి శుక్రవారం మా ఫ్లాట్‌లో, టీ తాగుతూ, పకోడీలు తింటూ మూడు సూచనలు గంటలో రాసేశాం. ప్రతి కార్మికుడికీ ఇన్సూరెన్స్ కార్డు ఉండాలి. ఆసుపత్రికి వెళ్లడానికి ఫోర్‌మన్ అనుమతి అక్కర్లేకుండా బస్సు ఇవ్వాలి. ముందు వైద్యం చేసి, తరవాత కార్డు అడగాలి. అందరి మొహాల్లోనూ వెలుగే. అప్పుడు గ్రేస్ నోరు విప్పింది. మాతో హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది.

"నాలుగోది కూడా రాయండి సిస్టర్. నల్లటి చర్మం ఉన్నవాళ్లను వేలి మెషిన్ ఒక్కటే చూసి పంపేయకూడదు. నాలుక చూడాలి, పెదవి లోపల చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి. ఈ సంగతి నర్సులకు నేర్పాలి."

వేలి మెషిన్ అంటే పల్స్ ఆక్సీమీటర్. బట్టలకు పెట్టే క్లిప్పులా వేలికి తగిలిస్తాం. వేలిలోంచి వెలుతురు పంపి, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో అంచనాగా చెబుతుంది. తొంభై నాలుగు, ఆ పైన చూపిస్తే మేం పెద్దగా కంగారు పడం. చర్మం బాగా నల్లగా ఉంటే ఆ వెలుతురు సరిగ్గా దాటక, కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇది నేనెక్కడో చదివాను కూడా. చదవడం వేరు, ఒంటబట్టడం వేరు.

గ్రేస్ తన స్నేహితురాలు జాయిస్ గురించి చెప్పింది. ఎవరింట్లోనో పనిమనిషి. ఆయాసంతో ఏదో క్లినిక్‌కి పోతే, వేలికి మెషిన్ పెట్టి, తొంభై ఐదు ఉంది, బాగానే ఉన్నావని మాత్రలిచ్చి పంపారట. రెండో రోజుకి చనిపోయింది. చెబుతున్నప్పుడు గ్రేస్ ఏడవలేదు. అందుకేనేమో మాకెవరికీ గుండెలో గుచ్చుకోలేదు.

మాధవి గారు చాలా నెమ్మదిగానే అన్నారు. "నువ్వు చెప్పింది నిజమే గ్రేస్. కానీ ఇందులో రంగు, జాతి అన్న మాట కనబడిందంటే కంపెనీల వాళ్లు కాగితం మొత్తం చెత్తబుట్టలో పడేస్తారు. ముందు అందరికీ కార్డు రానివ్వండి. ఇది తరవాత అడుగుదాం."

"తరవాత అంటే ఎప్పుడు మేడమ్?" అంది గ్రేస్.

రాజన్నకు చిరాకు వచ్చింది. "మమ్ములను గూడ ఫోర్‌మన్ కాలా అనే పిలుస్తడు. మేమేమన్న లైను రాయమన్నమా? కూలోళ్లమంత ఒక్కటే. నడుమ నల్లోళ్లు, తెల్లోళ్లు అని గీత గీసుడెందుకు? గిట్ల జేస్తె ఉన్నది గూడ పోతది."

"గీత నేను గియ్యలేదు అన్నా. ఉన్నదాన్ని చూపిస్తున్నాను," అందామె.

ఇక చూసుకోండి, గంట సేపు రభస. దేశాలు లేచాయి, కులాలు లేచాయి, ఎవరు ఎవరి ఇళ్లలో ఏ కప్పులో టీ తాగుతారో కూడా లేచింది. పేదల మేలు కోరి కూర్చున్న నలుగురం, పేదలను వదిలేసి ఒకళ్లనొకళ్లం పీక్కుతిన్నాం. చివరికి మాధవి గారు నా వైపు తిరిగారు. "మెడికల్ విషయం కదా, మీరే చెప్పండి సువార్త గారూ."

నిజం చెప్పాలంటే నాకు కాలింది జాతి మాట దగ్గర కాదు. "నర్సులకు నేర్పాలి" అన్న మాట దగ్గర. మంచాల మీద దుప్పట్లు మార్చే పిల్ల ఇరవై రెండేళ్ల సర్వీసున్న స్టాఫ్ నర్సుకి నేర్పుతుందా?

"అంత అవసరం లేదు. మాకు చూడడం వచ్చు. ప్రతిదాన్నీ రంగులోంచి చూడకు గ్రేస్," అన్నాను. రాసుకున్న నాలుగో సూచన మీద అడ్డంగా గీత కొట్టాను. నేనూ ఏమంత తెల్లగా ఉండను. నర్సింగ్ స్కూల్లో నన్ను కాకి అని పిలిచేవాళ్లు. అలాంటి నేనే ఆ మాట అన్నాను.

తరవాత మూడు వారాలు వాట్సాప్ గ్రూపులో అదే తగవు. గ్రేస్ మళ్లీ మళ్లీ అదే అడిగేది, మేం మళ్లీ మళ్లీ అదే చెప్పేవాళ్లం. పేజీ కదల్లేదు. డ్యూటీలో నేనూ గ్రేస్ ముక్తసరిగా మాట్లాడుకునేవాళ్లం. 'బెడ్ తీసుకురా', 'సరే సిస్టర్', అంతే.

మూడో వారంలో ఒక మంగళవారం. ఎండాకాలం మధ్యాహ్నం సైట్లలో పని ఆపే వేళకు మా దగ్గర తిరనాళ్ల మొదలవుతుంది. కంపెనీ బస్సు ఆగింది, ఒక్కసారిగా ఇరవై మందికి పైగా దిగారు. వాళ్లలో రాజన్న ఉన్నాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు గానీ, నన్ను చూసి నవ్వాడు.

"ఏమైంది రాజన్నా?"

"ఏం లేదక్కా... మూడొద్దుల సంది... దగ్గు. జర దమ్ము... వస్తున్నది. దుమ్ము తాకింది... గంతే."

మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. ఇప్పుడు రాస్తుంటే ఆ ఆగడం స్పష్టంగా వినబడుతోంది. అప్పుడు వినలేదు. వెనకాల ఇరవై మంది, ఒకడికి కంట్లో ఇనుప రజను, ఒకడు వాంతులు. రాజన్న వేలికి ఆక్సీమీటర్ తగిలించాను. ఎండకి మాడి, పైపులు మోసి కాయలు కాచిన నల్లటి వేలు. తొంభై నాలుగు. జ్వరం కొద్దిగా. బీపీ పరవాలేదు.

ఊపిరి గడి దగ్గర ఇరవై అని రాశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెస్పిరేటరీ రేటు అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారన్న లెక్క. దానికి మెషిన్ లేదు. గడియారం పట్టుకుని, ఛాతీ వైపు చూస్తూ నిమిషం నిలబడాలి. రద్దీలో ఆ నిమిషం ఎవరికీ ఉండదు. అందుకని చూడ్డానికి బాగానే ఉన్న మనిషికల్లా ఇరవై అని రాసేయడం మా వృత్తిలో ఒక పాడు అలవాటు. చాలామందిమి చేస్తాం, ఎవరమూ ఒప్పుకోం. ఆ రోజు నేను అదే చేశాను. ఆకుపచ్చ చీటీ చేతిలో పెట్టి, "అలా ఏసీ కింద కూర్చో రాజన్నా, పిలుస్తారు," అన్నాను.

పది నిమిషాలయ్యాక గ్రేస్ వచ్చింది. "సిస్టర్, రాజన్న అన్నని లోపలికి తీసుకెళ్దాం. నాలుక బూడిదరంగులో ఉంది. ఊపిరి లెక్కపెట్టాను, ముప్పై నాలుగు."

నేను తలెత్తకుండానే, "తొంభై నాలుగు ఉంది గ్రేస్," అన్నాను.

"వేలి మీద ఉంది సిస్టర్. నాలుక చూడండి ఒక్కసారి."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను చచ్చేదాకా మరవను. "ఇది మీటింగ్ కాదు, డ్యూటీ. నీ నాలుగో పాయింటు ఇక్కడికి కూడా పట్టుకొచ్చావా?"

ఆమె మొహం చెంపదెబ్బ తిన్నట్టయింది. అయినా ఊరుకోలేదు. వెనక్కి తిరిగి, తిన్నగా డాక్టరు గది తలుపు తోసుకుని వెళ్లింది. ఎయిడ్‌లు అలా వెళ్లకూడదు. ముందు మాకు చెప్పాలి, మేం డాక్టరుకి చెప్పాలి. నాకు ఒళ్లు మండిపోయింది. 'ఇవాళ రిపోర్టు రాస్తాను దీని మీద' అనుకున్నాను. ప్రభువు సాక్షిగా, ఆ క్షణంలో నా మనసులో రాజన్న లేడు.

డాక్టరు గారు సూడాన్ మనిషి, నెమ్మదస్తుడు. ఆయన పరిగెత్తడం పద్నాలుగేళ్లలో అప్పుడే మొదటిసారి చూశాను. ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లేసరికి రాజన్న తల పక్కవాడి భుజం మీద వాలిపోయి ఉంది. నిద్రపోతున్నాడనుకుని ఆ పక్కవాడు కదలకుండా కూర్చున్నాడు పాపం. స్ట్రెచర్ మీద వేసి లోపలికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ మాస్కు పెట్టేలోపే మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీశారు. దాన్ని ఏబీజీ అంటారు. వేలి మెషిన్ అంచనా చెబుతుంది, ఏబీజీ నిజం చెబుతుంది. ఈలోగా వేలి మీద మళ్లీ మెషిన్ పెట్టాను. మెరుస్తూ తొంభై మూడు అంటోంది.

ఏబీజీ కాగితం వచ్చింది. ఎనభై రెండు.

ఇంకోసారి చదివాను. ఎవరిదో వేరే పేషెంటుది అయి ఉంటుందని పేరు చూశాను. రాజన్నదే. వేలికి ఆ మెషిన్ ఇంకా అలాగే ఉంది, ఇంకా తొంభై మూడు అంటూనే ఉంది. ఇరవై రెండేళ్లు దాని మొహం చూసి మనుషుల్ని కూర్చోబెట్టాను, లేపాను, ఇంటికి పంపాను. చేతిలో ట్రే జారి కింద పడింది.

రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా. అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపితే అక్కడ వెంటిలేటర్ మీద పెట్టారు. పంపేముందు డాక్టరు గారు నా ట్రయాజ్ కాగితం పట్టుకుని అడిగారు. "ఈ ఇరవై ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే రాశాను."

"రాశారు సరే. లెక్కపెట్టారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన గ్రేస్ కింద పడ్డ ట్రే తీస్తోంది. "లేదు డాక్టర్," అన్నాను.

ఆయన ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నేను పుట్టిన దేశంలో అందరం ఈ రంగే. అయినా నేను కూడా ఈ మెషిన్‌నే చూస్తాను సిస్టర్. ఇవాళ ఆ అమ్మాయి తలుపు తోసుకుని రాకపోతే..." అని ఆగిపోయారు. ఇన్సిడెంట్ రిపోర్టు, అంటే జరిగిన పొరపాటును మనమే రాసిచ్చే కాగితం, నా మీద నేనే రాసుకున్నాను. మెమో ఇచ్చారు. తీసుకున్నాను.

తొమ్మిది రోజులు రాజన్న వెంటిలేటర్ మీదే ఉన్నాడు. రోజూ డ్యూటీ దిగి వెళ్లేదాన్ని. గాజు తలుపు బయట నిలబడితే జగిత్యాల నుంచి ఆయన భార్య ఫోను. "అక్కా, ఆయనకేమైతది? నువ్వక్కడ ఉన్నవని ధైర్యంగున్నది," అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నేలలోకి కుంగిపోయేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పదో రోజున గొట్టం తీశారు. కళ్లు తెరిచి, మొదట అడిగింది మంచినీళ్లు. బతికాడు. నేను చేసిన పని వల్ల కాదు, నేను ఆపబోయిన పని వల్ల.

జూలై రెండో శుక్రవారం మళ్లీ మా ఫ్లాట్‌లో కూర్చున్నాం. పేజీ పంపడానికి అదే ఆఖరి వారం. రాజన్న సగమయ్యాడు, చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. మాధవి గారు కొత్త కాగితం టైపు చేయించుకుని వచ్చారు. పైనే రాజన్న కథ. కొట్టేసిన నాలుగో సూచన ఇప్పుడు మొదటి సూచన అయింది, దాని కింద సగం పేజీ వివరణ. "ఇంత బలమైన కేసు ఇంకోటి దొరకదు. ఏబీజీ కాగితం కూడా జతచేద్దాం. ఎవరూ కాదనలేరు," అన్నారామె ఉత్సాహంగా. నేను సరేనన్నాను. రాజన్న సరేనన్నాడు. మొత్తం మూడు నిమిషాలు పట్టింది.

గ్రేస్ టీ కప్పు కింద పెట్టింది. "జాయిస్ గురించి నేను చెప్పినప్పుడు మూడు వారాలు కొట్టుకున్నాం," అంది. గొంతు పెంచలేదు. "అప్పుడు ఒక్క లైను ఎక్కువైంది. ఇప్పుడు సగం పేజీ సరిపోవడం లేదు."

మాధవి గారి మొహం పాలిపోయింది. ఆవిడ ఎప్పుడూ ఎవరికీ అన్యాయం చేయాలనుకున్న మనిషి కాదు. నేనూ కాదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ సామెతలో కాకిని నేనే.

రాజన్న లేచి నిలబడబోయి, ఆయాసం వచ్చి మళ్లీ కూర్చున్నాడు. "గ్రేస్ బిడ్డా, ఆనాడు అడ్డం దల్గింది నేనే. తప్పు నాది. మాధవమ్మా, నా పేరు కొట్టేయున్రి. ఆ జాయిస్ పిల్ల పేరు రాయున్రి."

గ్రేస్ తల అడ్డంగా ఊపింది. "వద్దు అన్నా. నీదే రాయండి. జాయిస్‌ది రాస్తే ఎవరూ నమ్మరు."

"ఎందుకు నమ్మరు?" అన్నాను నేను.

"కాగితం లేదు సిస్టర్. అన్నకి ఎవరో రక్తం తీశారు, ఎనభై రెండు అని రాసుంది. జాయిస్‌కి ఎవరూ తియ్యలేదు. నేను వెళ్లి ఆమె చీటీ అడిగి చూశాను. ఆక్సిజన్ తొంభై ఐదు. ఊపిరి ఇరవై. ఆ కాగితం ప్రకారం ఆమెకి ఏ జబ్బూ లేదు."

ఊపిరి ఇరవై. ఆ మాట ఆమె నన్ను పొడవడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. ఏదో క్లినిక్‌లో, నాలాగే రద్దీలో ఉన్న ఒక నర్సు, బహుశా మా వైపు పిల్లే అయి ఉండవచ్చు, ఛాతీ వైపు చూడకుండానే ఇరవై అని రాసింది. ఆ కుర్చీలో రాజన్న ప్రాణం పోయి ఉంటే నా కాగితం కూడా అదే చెప్పేది. తొంభై నాలుగు, ఇరవై, ఆకుపచ్చ. నా తప్పు ఎక్కడా కనబడేది కాదు. ఎవరూ నన్ను అడిగేవాళ్లు కాదు, నన్ను నేను కూడా ప్రశ్నించుకునేదాన్ని కాదు. ఆయన భార్యకు ఫోన్ చేసి, ఏడుస్తూ, "అంతా బాగానే ఉండింది వదినా, ఉన్నట్టుండి పోయాడు," అని చెప్పి ఉండేదాన్ని. మనస్ఫూర్తిగా నమ్మే చెప్పి ఉండేదాన్ని.

పేజీ పంపాం. రాజన్న కేసుతో పాటు, కాగితం లేని మరణాలు కూడా ఉన్నాయని చివర ఒక వాక్యం గ్రేస్ చెప్పగా నేను రాశాను. కంపెనీల నుంచి ఆ సూచన గురించి జవాబేమీ రాలేదు. మా ఆసుపత్రిలో మాత్రం ఇప్పుడు కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ మొదటి రోజు గ్రేస్ చేత చెప్పిస్తారు, నాలుక ఎలా చూడాలో, పెదవి లోపలి రంగు ఎలా కనిపెట్టాలో. ఆ క్లాసులో మొదటిసారి ముందు వరసలో కూర్చున్నది నేనే.

ఈ కేసు ఏం నేర్పిందని అడిగితే, నాలుక చూడమనీ, నిమిషం నిలబడి ఊపిరి లెక్కపెట్టమనీ చెబుతాను. అవి నేర్చుకోవడం తేలికే. కష్టమైంది ఇంకోటి ఉంది. ఇన్నేళ్లలో నేను బాగానే ఉన్నారని పంపిన నల్లటి మనుషుల్లో కొందరు మళ్లీ రాలేదు. తగ్గిపోయింది కాబట్టి రాలేదనుకున్నాను. వాళ్ల కాగితాలన్నిటి మీదా నా చక్కటి చేతిరాతే ఉంటుంది, ఇరవై అని.